అంతర్వేది సాయంకాలం: రంగులన్నీ వేసినా ఆనాటి దిగులు చిత్రంలోకి ఎందుకు రాలేదు?

లేతనీలం (ప్రశ్న)

పెద్దలకు, తోటి చిత్రకారులకు నమస్కారం. మాది కోనసీమలో గోదావరి వైనతేయ పాయ పక్కనున్న ఊరు. ఉద్యోగం కారణంగా హైదరాబాదులో ఉంటూ నాలుగేళ్ళుగా నీటిరంగులు సాధన చేస్తున్నాను. కిందటి భాద్రపదంలో, గోదావరి వరద తగ్గుముఖం పట్టిన రోజుల్లో, మా నాన్నగారి అస్థికలు కలపడానికి అంతర్వేది సాగరసంగమానికి వెళ్ళాము. క్రతువు మధ్యాహ్నానికే పూర్తయింది. మిగిలినవారు లక్ష్మీనరసింహస్వామి గుడికి వెళ్ళారు కానీ నాకు మాత్రం అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు. దీపాలు పెట్టే వేళ దాటేవరకు ఇసుకలోనే కూర్చుని ఎదురుగా ఉన్న సముద్రాన్ని చూస్తూ ఉండిపోయాను. ఆ చివరి అరగంటలో మనసుకు పట్టిన నిశ్శబ్దాన్ని చిత్రంగా వేయాలని అప్పటినుంచీ ప్రయత్నిస్తున్నాను.

15 అంగుళాలకు 22 అంగుళాల కాగితం మీద వేసిన మూడో ప్రయత్నాన్ని ఇక్కడ జతచేశాను. ఆకాశానికి నారింజ, క్రిమ్సన్ రంగులు వాడాను. దిగంతం నడుమ సగం మునిగిన సూర్యుడు, కింద ముదురు నీలం సముద్రం, కాగితపు తెలుపునే వదిలి చూపిన నురుగు, ఎడమవైపు కొబ్బరిచెట్లు, దూరాన రెండు తెరచాప పడవలు ఉన్నాయి. ఇంట్లో అందరూ క్యాలెండరు బొమ్మలా ఎంతో అందంగా ఉందన్నారు. ఆ మాటే నన్ను బాధిస్తోంది, ఎందుకంటే ఆ సాయంకాలం నాకు అందంగా కనిపించలేదు. బరువుగా ఉంది, అయినా ఎందుకో ఊరటగానూ ఉంది. చిత్రంలో ఆ రెండూ లేవు.

ఆధారంగా ఫోనుతో తీసిన ఫోటోలు ఉన్నాయి. అవి వెలవెలబోయినట్లు అనిపించి రంగులు కాస్త పెంచి వేశాను. ఒక దృశ్యంలోని భావం రంగులో ఉంటుందా, వెలుగులో ఉంటుందా? నేను రంగులు తగ్గించాలా, లేక అసలు మొదలుపెట్టిన చోటే పొరపాటు ఉందా? దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

పాతకుంచె

అమ్మా, ముందుగా మీ నాన్నగారికి నా నివాళి. మీ చిత్రాన్ని చాలాసేపు చూశాను. కుంచె మీద మీకు మంచి పట్టు ఉంది. అంత వెడల్పైన ఆకాశంలో తడి వాష్ (పలుచని రంగు పూత) ఎక్కడా గీత కట్టకుండా దించడం నాలుగేళ్ళ సాధనలో అందరికీ రాదు.

నా సందేహం సూర్యుడి గురించి. సముద్రానికి ఎదురుగా కూర్చున్నానని వ్రాశారు. అంతర్వేది ఒడ్డున అలా కూర్చున్నవారి ముఖం దక్షిణానికీ ఆగ్నేయానికీ నడుమ ఉంటుంది, వశిష్ఠ మొగ, అంటే గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు, కుడిచేతి వైపు ఉంటుంది. భాద్రపదంలో సూర్యుడు దాదాపు నేరుగా పడమరనే దిగుతాడు కనుక, ఆ రోజు ఆయన అస్తమించింది గోదావరికి ఆవలి గట్టున, నరసాపురం వైపు తోటల వెనక. మీ చిత్రంలో మాత్రం ఆయన సముద్రం నడిమధ్యన మునుగుతున్నాడు.

నేను చాలా ఏళ్ళు బడిపిల్లలకు డ్రాయింగు చెప్పాను. సూర్యాస్తమయం వేయమంటే గోదావరి జిల్లాల పిల్లలు సైతం సూర్యుణ్ణి సముద్రంలోనే ముంచేవారు. వాళ్ళు చూసిన బొమ్మలు గోవా, కేరళ తీరాలవి. మన తీరంలో సముద్రం మీద సూర్యుడు కనిపించేది ఉదయం పూట. దీన్ని భూగోళశాస్త్రపు తప్పుగా ఎత్తిచూపడం నా ఉద్దేశం కాదు. సూర్యుడు ఎటు ఉన్నాడన్న ఒక్క విషయం మీదనే చిత్రంలోని మిగిలిన రంగులన్నీ ఆధారపడి ఉంటాయి. ఎదురుగా సూర్యుడు ఉంటే పడవలు, చెట్లు నల్లని ఆకారాలుగా మారి, నీటి మీద మెరిసే దారి ఒకటి ఏర్పడుతుంది. పక్కన ఉంటే ప్రతి అలకూ ఒక వెచ్చని ముఖం, ఒక చల్లని ముఖం ఉంటాయి. ఆయన తోటల వెనక్కి దిగిపోయిన తరువాత నీడలే ఉండవు, వెలుగు ఆకాశం నుంచి మాత్రమే, అన్నివైపుల నుంచీ సమానంగా దిగుతుంది. మీరు కూర్చున్నది ఈ మూడో వెలుగులో, వేసింది మొదటి వెలుగును. ఎదురుగా, సముద్రం పైన, ఆకాశం నిజంగా ఏ రంగులో ఉందో జ్ఞాపకం చేసుకుని వ్రాయగలరా?

లేతనీలం

మాస్టారూ, మీ జవాబు చదివి ఫోటోలన్నీ మళ్ళీ తీసి చూశాను. మీరన్నది నిజం. ఎదుటి ఆకాశంలో నారింజ రంగు లేనే లేదు. దిగంతాన్ని ఆనుకుని మబ్బులాంటి నీలిబూడిద రంగు పట్టీ ఒకటి పొడవునా ఉంది, దాని పైన చాలా లేత గులాబీ రంగు, ఇంకా పైన ఏ రంగో చెప్పలేని తెలుపు. ఆ పట్టీ మబ్బేమోనని, చిత్రాన్ని మందంగా చేస్తుందని తీసివేశాను. కుడివైపు ఆకాశంలోని రంగులను తెచ్చి మధ్యలో పెట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పట్టీ క్రమంగా పైకి లేస్తున్నట్లు ఆ రోజు కూడా గమనించాను.

ఉప్పుటేరు

నేను చిత్రకారుణ్ణి కాను, డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మీరు మబ్బనుకుని తీసివేసినది మబ్బు కాదండీ, భూమి నీడ.

పడమట సూర్యుడు దిగంతం కిందికి వెళ్ళగానే, భూమి తన నీడను తూర్పు వైపు వాతావరణం మీద పరుస్తుంది. ఆ నీడే తూర్పు దిగంతాన ముదురు నీలిబూడిద పట్టీగా కనిపిస్తుంది. దాని పైభాగాన ఉన్న గాలిని మాత్రం దిగిపోయిన సూర్యుడి చివరి కిరణాలు ఇంకా తాకుతూ ఉంటాయి. ఆ కిరణాలు వాతావరణంలో ఎంతో దూరం ప్రయాణించి రావడం వల్ల దారిలోనే నీలం అంతా చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది, అది తిరిగి మన కంటికి చేరి గులాబీ పట్టీగా కనిపిస్తుంది. సూర్యుడు కిందికి పోయేకొద్దీ నీడ పైకి లేస్తుంది, అంచు మసకబారుతుంది, చివరికి రాత్రిలో కలిసిపోతుంది. మన అక్షాంశాల్లో సంధ్య త్వరగా ముగుస్తుంది. అస్తమయం తరువాత సుమారు 20 నిమిషాల్లోనే ఈ మార్పంతా జరిగిపోతుంది. సముద్రం మీద చెట్లూ కొండలూ అడ్డులేవు కనుక మన తీరం దీన్ని చూడడానికి చాలా అనువైనది. ఆకాశం తేటగా ఉన్న సాయంకాలాల్లో మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది కనుక మీరు దాన్ని చూడగలగడం అదృష్టమే.

మరొక విషయం. మసకవెలుతురులో మన కన్ను పనిచేసే తీరు మారుతుంది. వెలుగు తగ్గేకొద్దీ ఎరుపు రంగులు ముందుగా నల్లబడతాయి, నీలం, ఆకుపచ్చ రంగులు వాటికంటే ఎక్కువసేపు నిలుస్తాయి. చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 19వ శతాబ్దపు తొలినాళ్ళలో గుర్తించిన ధర్మమిది. సాయంకాలం పెరట్లో ఎర్రమందారం నల్లగా కనబడుతున్నా దాని ఆకులు తేటగా ఉండడం అందరూ చూసే ఉంటారు. ఫోను కెమెరాకు ఈ గుణం లేదు. అది తక్కువ వెలుతురును చూసి చిత్రాన్ని తనంతట తానే ప్రకాశవంతం చేస్తుంది, నీడలను పైకి లేపుతుంది, వెలుగులో ఏదైనా ఒక రంగు మొగ్గు ఉంటే దాన్ని సరిచేయాలని చూస్తుంది. మీరు అనుభవించిన నీలిమను అది లోపంగా భావించి తుడిచివేసి ఉంటుంది. ఫోటో ఆకారాల కోసం పనికివస్తుంది కానీ, సంధ్యవేళ రంగుకు దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

తడికాగితం

ఉప్పుటేరు గారి వివరణ చదువుతుంటే, ఇన్నేళ్ళుగా నేను కాకినాడ ఒడ్డున చూస్తూ వేస్తున్న ఆ పట్టీకి ఒక పేరు ఉందని తెలిసి ఒళ్ళు పులకరించింది. ఇక వేసే పద్ధతి గురించి నాకు తెలిసినది చెబుతాను. కొంచెం పొడవవుతుంది, మన్నించండి.

రంగులు ముట్టుకోకముందు బొగ్గుతో అరచేయంత బొమ్మ ఒకటి వేయండి. అందులో మూడే టోనులు (వెలుగునీడల స్థాయిలు) ఉండాలి. మీ సాయంకాలంలో అన్నిటికంటే లేతది ఆకాశపు పైభాగం, దానికి దగ్గరగా తడి ఇసుక. నడిమి టోనులో భూమి నీడ, సముద్రం, వరదనీరు అన్నీ కలిసిపోతాయి. ముదురు టోను తోటలకు, ఒడ్డుకు లాగిన పడవలకు మాత్రమే. ఇలా వేసి చూస్తే చిత్రంలో ఎక్కువ భాగాన్ని నడిమి టోనే ఆక్రమించిందని, వెలుగుకూ చీకటికీ మధ్య దూరం చాలా తక్కువని తెలుస్తుంది. మీరు చెప్పిన బరువు, ఊరట రెండూ నాకు ఆ తక్కువ దూరంలోనే కనిపిస్తున్నాయి. మీ ప్రస్తుత చిత్రంలో తెల్లని నురుగు పక్కనే ముదురు నీలం ఉంది. కన్ను అక్కడికి పరుగెత్తి ఆగిపోతుంది, ఆ ఒక్క తెలుపు వల్లనే నిశ్శబ్దం చెదిరిపోయింది. సూర్యుడు దిగిన తరువాత నురుగు తెల్లగా ఉండదు. పైనున్న ఆకాశపు రంగునే కాస్త మసకగా పట్టుకుని లేత ఊదాబూడిదలో ఉంటుంది. కాగితపు తెలుపును ఎక్కడా వదలకుండా, మొదటే మట్టి పసుపు రంగైన ఎల్లో ఓకర్‌ను బాగా పలుచగా కలిపి కాగితమంతా ఒక పూత వేసి ఆరనివ్వండి.

రంగుల సంగతికి వస్తే, మూడు నాలుగు చాలు. అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్ంట్ సియెన్నా (ఎర్రమట్టి గోధుమ) కలిపితే వచ్చే బూడిద రంగును మించిన స్నేహితుడు గోదావరి చిత్రకారుడికి లేడని నా నమ్మకం. నీలం పాలు ఎక్కువైతే అది భూమి నీడ అవుతుంది, సియెన్నా పాలు ఎక్కువైతే వరదనీరు అవుతుంది, రెండూ చిక్కగా కలిపితే కొబ్బరితోట అవుతుంది. ఒకే జంట నుంచి పుట్టినవి కనుక ఆకాశం, నీరు, నేల ఒకదానికొకటి చుట్టాల్లా ఉంటాయి. మీ చిత్రంలో ప్రతి వస్తువుకూ ఒక సొంత గొట్టం నుంచి రంగు వచ్చింది. చెట్టుకు ఆకుపచ్చ, నీటికి నీలం, పడవకు గోధుమ. ఒకే వెలుగు కింద ఉన్నామన్న సంగతి వాటికి తెలియనట్లుంది. పైగా అల్ట్రామెరైన్‌కు మరొక గుణం ఉంది. దాని రేణువులు కాగితపు గుంటల్లో దిగి చిన్న చిన్న చుక్కలుగా ఆరుతాయి. వరదనీటి ఒండ్రును చూపడానికి ఆ మరకలు ఎంతో సాయపడతాయి. గులాబీ పట్టీకి అలిజరిన్ క్రిమ్సన్ వాడకండి. అది ఎండకు, కాలానికి వెలిసిపోతుంది. అంత పలుచగా వేసినప్పుడు మరీ త్వరగా పోతుంది. క్వినాక్రిడోన్ రోజ్ దానికంటే ఎంతో ఎక్కువ కాలం నిలుస్తుంది.

భాద్రపదంలో మొగ దగ్గర నీరు నీలంగా ఉండదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఇటుకపొడి కలిపినట్లుండే ఆ నీరు సముద్రంలో చాలా దూరం దాకా పరుచుకుంటుంది. అయితే ఆ ఇటుకరంగును ఒడ్డు నుంచి దిగంతం వరకు ఒకేలా వేస్తే మట్టిగోడలా కనిపిస్తుంది. కాళ్ళ దగ్గరి నీటిని మనం పైనుంచి చూస్తాము కనుక అక్కడ ఒండ్రు రంగు తెలుస్తుంది. దూరం పోయేకొద్దీ చూపు నీటికి సమాంతరమై నీరు అద్దంలా మారి ఆకాశాన్ని చూపుతుంది. అందువల్ల కింద ఎరుపు, పైకి పోతూ బూడిద, దిగంతం దగ్గర భూమి నీడలో కలిసిపోయే నీలం. ఆ కలిసిపోయే చోట గీత గీయకండి. కాగితం తడిగా ఉండగానే రెండు రంగులనూ కలవనివ్వండి. మన తీరపు గాలిలో తేమ వల్ల కాగితం నెమ్మదిగా ఆరుతుంది కనుక అక్కడే కూర్చుని వేస్తే ఈ పని సులువు. హైదరాబాదు ఎండలో మాత్రం చిన్న స్ప్రే సీసా దగ్గర ఉంచుకోవాలి. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల) నూలు కాగితమైతే తడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది.

మావిచిగురు

పైన పెద్దలు చెప్పినవన్నీ విలువైనవే. కానీ ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. చిత్రకారుడు సూర్యుణ్ణి ఎక్కడ ఉంచాలన్నది దిక్సూచి నిర్ణయించవలసిన విషయం కాదు. లేతనీలం గారు కావాలనుకుంటే నారింజ రంగుతోనే ఆ దిగులును చూపవచ్చు. లోపం రంగును ఎంచుకోవడంలో కాక, దాని టోనును ఎంచుకోవడంలో జరిగిందని నేను భావిస్తున్నాను.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1872లో ల హావ్ర్ రేవులో వేసిన సూర్యోదయ చిత్రాన్ని గుర్తు చేసుకోండి. ఇంప్రెషనిజం అన్న చిత్రకళా ఉద్యమానికి ఆ పేరు పుట్టడానికి కారణమైన చిత్రమది. నీలిబూడిద మంచులో చిన్న నారింజ సూర్యుడు ఉంటాడు, నీటి మీద ఆ నారింజవే కొన్ని కుంచె గీతలు. ఆ చిత్రాన్ని నలుపుతెలుపులోకి మార్చి చూస్తే సూర్యుడు దాదాపు కనబడకుండా పోతాడు, ఎందుకంటే ఆ నారింజకూ చుట్టూ ఉన్న బూడిదకూ వెలుగు స్థాయి ఇంచుమించు ఒకటే. సూర్యుడు ప్రకాశించడు, కేవలం రంగుగా కంపిస్తూ ఉంటాడు. ఆ చిత్రం వెచ్చగా కాక చలిగా, ఒంటరిగా అనిపించడానికి కారణం అదేనని నేను నమ్ముతాను. మీరు మీ సూర్యుణ్ణి ఆకాశం కంటే ఎంతో ప్రకాశవంతంగా వేశారు, అందుకే పండుగలా ఉంది.

బూడిద రంగును తక్కువగా చూడవద్దని కూడా మనవి. ఫ్రాన్సులో గోబ్లాఁ చిత్రవస్త్రాల నేతశాలలో అద్దకం విభాగాన్ని నడిపిన రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్, పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో పరిశోధించి 1839లో ప్రచురించాడు. నారింజ పక్కన పెట్టిన మామూలు బూడిద నీలంగా కనబడుతుంది. మన ఉప్పాడ చీరల నేతలో అంచు రంగు మారితే ఒడలు రంగు మారినట్లు అనిపించడం కూడా ఇదే. కాబట్టి ఎక్కడో ఒకచోట, బహుశా తడి ఇసుక అంచున, కుడివైపు నుంచి వచ్చిన కొద్దిపాటి వెచ్చదనం ఉంటేనే మిగిలిన బూడిద అంతా నీలిమగా పలుకుతుంది. నారింజను పూర్తిగా బహిష్కరించకండి.

పాతకుంచె

మావిచిగురు గారూ, చిత్రకారుడి స్వేచ్ఛను నేను కాదనను. అయితే ఈ అమ్మాయి సూర్యుణ్ణి స్వేచ్ఛతో జరపలేదు, అలవాటుకొద్దీ జరిపింది. చూసినదాన్ని ఒకసారి ఉన్నది ఉన్నట్లుగా వేసిన తరువాత జరిపితే దానికి ఒక బలం ఉంటుంది. టోను గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం.

వీలైతే రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు చిత్రశాలకు ఒకసారి వెళ్ళి రండమ్మా. 1897లో పుట్టి 1925లోనే వెళ్ళిపోయిన ఆ మహానుభావుడు తన కొద్దిపాటి జీవితంలో ఈ నేల మనుషులను, ఈ నేల వెలుగును చూసి వేశాడు. అచ్చులో చూసిన ప్రతులను నమ్మకండి. అచ్చు మొదట చంపేది బూడిద రంగులనే. మూలచిత్రం ముందు నిలబడి, ఒక రంగు మరొక రంగులోకి ఎక్కడ మారిందో వెతకండి.

మొగదరి

మాది చేపలవేట చేసుకునే కుటుంబం. అంతర్వేది చుట్టుపక్కలే పుట్టి పెరిగాను. బొమ్మలు వేయడం నాకు రాదు, కానీ మీ చిత్రం చూసి మూడు మాటలు చెప్పాలనిపించింది.

మీరు వేసిన తెరచాప పడవలు ఇప్పుడు మా మొగలో కనబడవండి. మరపడవలే తిరుగుతాయి. మా పడవలకు మేము నీలం, పసుపు, ఎరుపు రంగులు వేసుకుంటాము. పైన ఉప్పుటేరు మాస్టారు చెప్పినట్లు మునిమాపు వేళ ఆ ఎరుపు నల్లగా అయిపోయి నీలం మాత్రం తెలుస్తూ ఉండడం మేము రోజూ చూసేదే. కారణం ఇవాళ తెలిసింది.

రెండోది, ఇసుక. మీరు కూర్చున్నది పోటు వేళో పాటు వేళో జ్ఞాపకం చేసుకోండి. పాటు తీసినప్పుడు, అందులోనూ అమావాస్య, పౌర్ణముల దగ్గర, నీరు బాగా వెనక్కి పోయి తడి ఇసుక చాలా వెడల్పుగా బయటపడుతుంది. అప్పుడు ఆకాశం రెండుసార్లు కనబడుతుంది, ఒకటి పైన, ఒకటి కాళ్ళ కింద. పోటు వేళయితే అంత ఇసుక ఉండదు, నీరే ఉంటుంది.

మూడోది, అస్థికలు కలిపినవారు సాయంకాలం దాకా అక్కడ కూర్చుని ఉండిపోవడం మేము చాలాసార్లు చూశాము. మా ఇళ్ళలోని ఆడవాళ్ళు వేటకు వెళ్ళినవారి కోసం అదే చోట, అదే వేళకు ఎదురుచూస్తారు. ఇద్దరూ చూసేది కుడివైపు తోటల మీద మండే ఆకాశాన్ని కాదండి, ఎదురుగా చీకటి పడుతున్న నీటినే.

లేతనీలం

అందరికీ కృతజ్ఞతలు. మొగదరి గారూ, మీ చివరి మాట చదివి చాలాసేపు ఏమీ వ్రాయలేకపోయాను. ఆ రోజు నాకు కొద్ది దూరంలో ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. ఆవిడ కూడా మాలాగే ఎవరినో సాగనంపడానికి వచ్చారని అనుకున్నాను. ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉండవచ్చని ఇప్పుడు అనిపిస్తోంది.

నిన్న రాత్రి బొగ్గుతో మూడు టోనుల బొమ్మ వేశాను. సూర్యుణ్ణి తీసివేశాను, పడవల్లో ఒక్కటే ఉంచాను, దాన్ని ఒడ్డుకు లాగి ఉంచాను. పాటు వేళే అనుకుంటాను, ఎందుకంటే ఫోటోలో తడి ఇసుక చాలా దూరం ఉంది. భూమి నీడను దిగంతం పొడవునా వేసిన తరువాత, రంగు ఏమీ లేకపోయినా, బొమ్మ మొదటిసారిగా ఆ రోజులా అనిపించింది. ఒక్క సందేహం మిగిలింది. చీకటి పడే వేళకు లైట్‌హౌస్ దీపం వెలిగింది. చిత్రంలో దాన్ని ఉంచాలా? ఉంచితే మావిచిగురు గారు చెప్పిన ఆ కొద్దిపాటి వెచ్చదనం అదే అవుతుందేమోనని ఆలోచన.

తడికాగితం

ఉంచవద్దనే నా సలహా. మీరు సముద్రం వైపు కూర్చున్నారు కనుక లైట్‌హౌస్ మీ చూపులో ఉండదు. దాన్ని తెచ్చి పెడితే మళ్ళీ సూర్యుణ్ణి తెచ్చి పెట్టినట్లే అవుతుంది. వెచ్చదనం కావాలంటే తడి ఇసుక కుడి అంచున, కాగితం ఇంకా చెమ్మగా ఉండగా, ఎల్లో ఓకర్‌లో రవ్వంత క్వినాక్రిడోన్ కలిపి ఒకే ఒక్కసారి తాకించి వదిలేయండి. రెండోసారి కుంచె పెట్టకండి.

మొగదరి

దీపం వెలిగేసరికి మీరు లేచి వెనక్కి తిరిగి ఉంటారండి, అందుకే అది జ్ఞాపకం ఉంది. మళ్ళీ వచ్చేటట్లయితే పౌర్ణమి దాటిన రెండు మూడు రోజుల్లో రండి, ఏ రోజు సాయంకాలానికి పాటు పడుతుందో ముందుగా కనుక్కుని ఇక్కడ వ్రాస్తాను.